పీల్చే గొట్టమే ఇచ్చే గొట్టం: రెండు రెగ్యులేటర్ సెట్ల హోసుల మార్పిడి డైరీ

పని ఇదీ: స్కూబా డైవింగ్‌లో సింగిల్ సిలిండర్‌తో వాడే రెండు మామూలు రెగ్యులేటర్ సెట్లను (సిలిండర్ గాలిని నోటికి అందించేవి) లాంగ్ హోస్ పద్ధతికి, అంటే నోట్లోని పొడవాటి హోసునే గాలి అయిపోయినవాడికి ఇచ్చే పద్ధతికి మార్చాలి. రెండింటివీ డయాఫ్రం రకం ఫస్ట్ స్టేజ్‌లే (సిలిండర్ వాల్వ్‌కి బిగించి ఒత్తిడిని మొదట తగ్గించే భాగం; నోటి దగ్గరిది సెకండ్ స్టేజ్). ఒక్కోదానికి నాలుగు ఎల్‌పీ (తక్కువ ఒత్తిడి) పోర్టులు, రెండు హెచ్‌పీ (ఎక్కువ ఒత్తిడి) పోర్టులు. ఇప్పుడున్నది సెట్టుతో పాటు వచ్చిన అమరిక. కుడి భుజం మీదుగా నోటికి 75 సెం.మీ. హోసు, దాని పక్కనే 100 సెం.మీ. పసుపు ఆక్టోపస్ (ఇంకొకరికి ఇచ్చే అదనపు సెకండ్ స్టేజ్), ఎడమ పక్కన ఇన్‌ఫ్లేటర్‌కి (తేలే సంచిలోకి గాలి నింపేది) 65, సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్‌కి 90.

ఈ అమరికలో తంటా ఆక్టోపస్‌తోనే. రెండు మూడు డైవులకే క్లిప్పు వదులవుతుంది, అది ఊడి అడుగున ఇసుకలో దొర్లుతుంది, ఆ సంగతి వేసుకున్నవాడికి తెలియదు. గాలి అయిపోయిన మనిషికి ఇచ్చేదేమో దాన్నే. అందుకని నోట్లో ఉన్నదే తీసి ఇచ్చేసి, మెడకు వేలాడే రెండోది మనం అందుకోవడం మేలు. నోట్లోది పనిచేస్తోందని ఆ క్షణానికి రుజువు అక్కర్లేదు కదా. ఈ ఏర్పాటు ఫ్లోరిడా గుహల్లో డైవ్ చేసేవాళ్ల దగ్గర స్థిరపడింది. విలియం హోగార్త్ మెయిన్ పేరు మీద దీన్ని హోగార్తియన్ అంటారు. ఒకరి వెనక ఒకరుగా తప్ప దూరలేని సందుల్లోంచి ఇద్దరూ ఒకే సిలిండర్ గాలితో బయటపడాలంటే 7 అడుగుల హోసు, అంటే సుమారు 210 సెం.మీ. కావాలి. విశాఖ తీరంలో మేం దిగేది గుహల్లోకి కాదు కాబట్టి 210 అవసరమా, 150 చాలదా అన్నది కొనే ముందే తేల్చుకోవాలి.

1వ రోజు: విప్పడం, చూడడం

సిలిండర్‌కి పెట్టకుండా, పర్జ్ బటన్ (సెకండ్ స్టేజ్ నుంచి గాలిని బయటికి వదిలేది) నొక్కి లోపల ఒత్తిడి లేదని నిర్ధారించుకున్నాకే పానా ముట్టుకున్నాం. ఒత్తిడి ఉన్నప్పుడు మర బిగుసుకుపోయి ఉంటుంది. కదలట్లేదని బలం పెట్టేముందు మళ్లీ ఒకసారి పర్జ్ నొక్కి చూడాలి.

కావలసిన పానాలు మూడు. ఎల్‌పీ హోసు ఫస్ట్ స్టేజ్ కొసకి 9/16 అంగుళం, 14 ఎం.ఎం. పానా కూడా కూర్చుంటుంది. హెచ్‌పీ హోసుకి 5/8, అంటే 16 ఎం.ఎం. సెకండ్ స్టేజ్ దగ్గర తిరిగే నట్టుకి 11/16. ఈ మూడోచోట మాత్రం రెండు పానాలు వాడాలి. ఒకటి సెకండ్ స్టేజ్ ఇన్‌లెట్‌ని కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఒక్కదానితో లాగితే నట్టుతో పాటు ఇన్‌లెట్ గొట్టం కూడా తిరిగి, సెకండ్ స్టేజ్ సర్దుబాటు చెడుతుంది. సర్దుకునే పానా వాడొద్దు. దాని దవడలు జారి షడ్భుజి అంచులు గుండ్రమైపోతాయి.

హోసు కొసల మీది రబ్బరు తొడుగులు వెనక్కి లాగితే అసలు సంగతి బయటపడింది. రెండు సెట్లలోనూ తొడుగు కింద ఉప్పు గట్టిపడి ఉంది. ఒక హెచ్‌పీ హోసుకి లోహపు కొస అంచునే పచ్చటి చిలుము, ఆ పక్కన వంచి చూస్తే రబ్బరు మీద గోరుతో గీసినట్టు నాలుగు సన్నటి పగుళ్లు. వంచకుండా చూస్తే ఇవి కనబడవు. హోసు ఎక్కువగా వంగేది ఆ కొస దగ్గరే, ఉప్పు నిలిచేదీ అక్కడే. తొడుగు కాపాడాల్సిన చోటునే దాచి పాడుచేస్తుందన్నమాట. వాడాలనుకుంటే ప్రతి కడుగుడికీ వెనక్కి లాగాలి. లేదంటే తీసి పారేయడమే నయం. మేం తీసేశాం.

హోసు మీద అచ్చయిన తయారీ తేదీ కూడా రాసుకున్నాం. చాలామంది తయారీదారులు ఐదేళ్లకు మార్చమంటారు. ఈ ఎనిమిది హోసుల్లో ఐదేళ్లు దాటినవి ఐదు. ఇంకా వయసు రాని వాటిలో ఉబ్బు, పగులు, చిలుము ఏమీ లేని 100 సెం.మీ. ఎల్‌పీ హోసు ఒక్కటే అత్యవసరానికి పక్కన పెట్టాం. మిగతావి కత్తిరించి పడేశాం. కత్తిరించకపోతే ఎప్పుడో ఒకరోజు ఎవరో మళ్లీ బిగిస్తారు.

2వ రోజు: తాడుతో కొలత

పట్టికలో రాసిన పొడవుల్ని నమ్మి కొనకూడదు. ఛాతీ చుట్టుకొలత, వెట్‌సూట్ మందం, సిలిండర్ ఎంత ఎత్తులో కట్టారన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. హోసంత లావున్న నైలాన్ తాడు మూడు మీటర్లు తెచ్చి, ఒక కొసను ఫస్ట్ స్టేజ్ కుడి పోర్టు దగ్గర టేపుతో అంటించాం. ప్లేటు (వీపు పలక), వింగ్ (తేలే సంచి), సిలిండర్ అన్నీ వేసుకుని, నీళ్లలో ఉన్నట్టు ముందుకు వంగి నిలబడాలి. నిటారుగా నిలబడి కొలిస్తే కొలత తప్పుతుంది.

దారి: పోర్టు నుంచి వెనకే కిందికి, కుడి చంక కింద నుంచి ముందుకు, ఛాతీ మీద ఏటవాలుగా ఎడమ భుజానికి, మెడ వెనక చుట్టి కుడివైపు నుంచి నోటికి. 168 సెం.మీ. మనిషికి ఈ దారిన 138 సెం.మీ. పట్టింది. తలను పూర్తిగా ఎడమకి తిప్పితే ఇంకో 8 కావలసి వచ్చింది. కాబట్టి 150 సరిపోతుంది. 183 సెం.మీ. మనిషికి తల తిప్పగానే 150 తాడు నోటి దగ్గర లాగేసింది. మౌత్‌పీస్ అలా లాగుతుంటే అరగంటలో దవడ నొప్పి పెడుతుంది. ఆయనకు 210 తీసుకుని, మిగిలే భాగాన్ని కుడి నడుము దగ్గర పట్టీ కింద మడిచి దోపాలి. గుహ డైవర్లకైతే అక్కడ లైటు బ్యాటరీ డబ్బా ఉంటుంది, హోసు దాని కిందుగా వెళ్లి ఆగుతుంది. డబ్బా లేనివాళ్లు దోపుకోవడమే.

మెడకి వేలాడే రెండో రెగ్యులేటర్‌కి కుడి భుజం మీదుగా ఇద్దరికీ 56 సెం.మీ. చాలింది. వింగ్ ఇన్‌ఫ్లేటర్‌కీ 56. గేజ్ ఎడమ నడుము డి-రింగుకు తగిలించాలి కాబట్టి హెచ్‌పీ హోసు 60.

మధ్యేమార్గంగా 100 సెం.మీ. హోసును చంక కింద నుంచి నేరుగా నోటికి తెచ్చి, సెకండ్ స్టేజ్ దగ్గర మోచేయిలాంటి ముక్క పెట్టే పద్ధతి కూడా ఉంది. సరదా డైవులకు అది చక్కగా పనిచేస్తుంది. ఆ మోచేయిలో అదనంగా ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు), తిరిగే కీళ్లు ఉంటాయి. కారే చోట్లు పెంచుకోవడం ఎందుకని వదిలేశాం.

3వ రోజు: రబ్బరా, అల్లికా

చర్చ ఎక్కువ నడిచింది ఇక్కడే. పైన నైలాన్ అల్లిక ఉన్న హోసులు తేలిక, మెత్తన, సంచిలో ఇమిడిపోతాయి. రబ్బరువి బరువు, బిరుసు. అయినా లాంగ్ హోస్‌కి రబ్బరే తీసుకున్నాం. కారణాలు రెండు. మొదటిది, రబ్బరు హోసు బరువుకి ఛాతీకి అంటిపెట్టుకుని పడుంటుంది. అల్లిక హోసు తేలి మెడ వెనక ఉచ్చులా లేస్తుంది. రెండోది మన వేడి. అల్లిక హోసు లోపలి గొట్టం పాలియురేథేన్‌తో చేస్తారు. దానిలో పాలియెస్టర్ రకం వేడికీ తేమకీ నెమ్మదిగా విరుగుతుంది, పాలిఈథర్ రకం బాగా తట్టుకుంటుంది. వేడి దేశాల్లో వాడిన కొన్ని హోసుల్లో ఇలా లోపలి పొర చెడి, స్ఫటికాల్లాంటి గట్టి పదార్థం ఏర్పడి గాలి దారి మూసుకుపోయిన సంగతి మీద డైవర్ల భద్రతా సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ డైవర్లను హెచ్చరించింది. ఇందులో భయపెట్టేదేమిటంటే పైన అల్లిక కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. రబ్బరైతే పగిలి, ఉబ్బి, చావబోయే ముందు చెప్పి చస్తుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డిక్కీలో గేరు వదిలే అలవాటున్న చోట ఈ తేడా చిన్నది కాదు.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త: ఇన్‌ఫ్లేటర్ హోసుని, రెగ్యులేటర్ హోసుని ఒకటిగా చూడకూడదు. ఫస్ట్ స్టేజ్ కొస మర రెండింటికీ ఒకటే, 3/8-24 యూఎన్‌ఎఫ్. కానీ ఇన్‌ఫ్లేటర్ హోసు లోపలి రంధ్రం సన్నం, పీల్చడానికి చాలదు. కొన్ని ఫస్ట్ స్టేజ్‌ల చివరి పోర్టు మాత్రం 1/2-20 ఉంటుంది. అది చూసుకోకుండా తెచ్చిన హోసు బిగదు. హెచ్‌పీ పోర్టు 7/16-20, కాబట్టి ఇప్పటి ఫస్ట్ స్టేజ్‌లో ఎల్‌పీ హోసును పొరపాటున హెచ్‌పీలో పెట్టలేం. బాగా పాతకాలపు ఫస్ట్ స్టేజ్ చేతికొస్తే జాగ్రత్త. వాటిలో కొన్నిటికి హెచ్‌పీ మర కూడా 3/8. అక్కడ ఎల్‌పీ హోసు బిగించి సిలిండర్ తెరిస్తే సుమారు 10 బార్ దగ్గర పనిచేసే గొట్టంలోకి 200 బార్ దూరుతుంది.

రంగు మీద ఒక్క మాట. పసుపు హోసు, పసుపు మూత అంటే "ఇది తీసుకో" అని డైవర్లందరికీ నేర్పుతారు. కొత్త అమరికలో ఇచ్చేది పొడవాటిది. మెడకున్నది పసుపుదైతే, కంగారులో ఉన్న మనిషి మన మెడకు కట్టిందాన్నే పట్టి గుంజుతాడు. అందుకని పసుపు మూత పొడవాటి హోసు మీదున్న సెకండ్ స్టేజ్‌కి మార్చాం.

రెండు సెట్లకి తెచ్చినవి: ఎల్‌పీ రబ్బరు హోసులు 210 ఒకటి, 150 ఒకటి, 56 రెండు, ఇన్‌ఫ్లేటర్ 56 రెండు, హెచ్‌పీ 60 రెండు, గేజ్ స్పూల్ అనే సన్నటి తిరిగే పిన్ను రెండు, 316 స్టీల్ బోల్ట్ స్నాప్‌లు (తగిలించే కొక్కేలు) నాలుగు, 6 ఎం.ఎం. బంజీ (సాగే తాడు) రెండు మీటర్లు, కేవ్ లైన్ (సన్నటి తాడు) కొంచెం, జిప్ టైలు. ఓ-రింగుల సైజులు: ఎల్‌పీ హోసు ఫస్ట్ స్టేజ్ కొసకి 011, సెకండ్ స్టేజ్ కొసకి 010, హెచ్‌పీ కొసకి 012, గేజ్ స్పూల్‌కి చిట్టి 003 రెండేసి. హెచ్‌పీవి గట్టి రకం, 90 డ్యూరోమీటర్ నైట్రైల్ తీసుకోవాలి. మెత్తవైతే ఒత్తిడికి సందులోంచి పిండినట్టు బయటికొస్తాయి.

4వ రోజు: బిగించడం

పోర్టుల పంపకం ఇలా కుదిరింది. కుడివైపు కింది పోర్టు లాంగ్ హోస్‌కి, కుడివైపు పై పోర్టు 56కి. ఎడమ ఎల్‌పీ ఇన్‌ఫ్లేటర్‌కి, ఎడమ హెచ్‌పీ గేజ్‌కి. మిగిలిన ఎల్‌పీ, హెచ్‌పీ పోర్టులకు ప్లగ్గులు. లాంగ్ హోస్ పోర్టు నుంచి సరిగ్గా కిందికి చూడాలి. పక్కకి చూస్తే సిలిండర్ వెనక పెద్ద వంపు తిరిగి దేనికైనా తగులుకుంటుంది.

ఓ-రింగుకి సిలికాన్ గ్రీజు మెరుపు కనబడేంత చాలు. తెల్లగా ముద్దలా కనబడిందంటే ఎక్కువైనట్టే, దానికి ఇసుక పడుతుంది. ఆక్సిజన్ 40 శాతం దాటిన నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి), ఆక్సిజన్ వాడే సెట్టుకు సిలికాన్ పనికిరాదు. దానికి ఆక్సిజన్‌తో సరిపడే గ్రీజు వేరే ఉంటుంది.

హోసును చేతితో చివరిదాకా తిప్పి, పానాతో ఇంకాస్త బిగిస్తే చాలు, అంతా కలిపి సుమారు 4.5 న్యూటన్ మీటర్లు. గాలిని ఆపేది ఓ-రింగు, బిగింపు కాదు. కారుతోందని ఇంకా బిగించడం కుళాయి వాషర్ దగ్గర అలవాటైన పని, ఇక్కడ దానివల్ల ఇత్తడి మరలు పోతాయి.

ఒక సెట్టులో తప్పు జరిగింది. ముందు రెండు కొసలూ బిగించేసి, తర్వాత నోట్లో పెట్టి చూస్తే సెకండ్ స్టేజ్ ఎడమకి వాలుతోంది. హోసులో మెలి ఉండిపోయింది. పొడవాటి రబ్బరు హోసులో పావు మెలి కూడా మౌత్‌పీస్‌ని తిప్పేస్తుంది. ఫస్ట్ స్టేజ్ కొస వదులు చేసి, సెకండ్ స్టేజ్‌ని నోట్లో తిన్నగా పట్టుకుని, హోసు దానంతటది తిరిగి సర్దుకున్నాక బిగించాం. మొదటి నుంచీ ఈ వరసలోనే చేయాలి.

గేజ్ స్పూల్ మార్చేటప్పుడు పాత స్పూల్ మీద ఓ-రింగు ఒకవైపు చదునైపోయి కనబడింది. గేజ్ దగ్గర సన్నగా బుడగల దారం వస్తుంటే తొంభై పాళ్లు ఇదే కారణం. హోసు మార్చినా, గేజ్ బిగించినా అది ఆగదు.

5వ రోజు: ఒత్తిడి పరీక్ష

ముందు సిలిండర్ లేకుండా. ఫస్ట్ స్టేజ్‌కి డస్ట్ క్యాప్ బిగించి, సెకండ్ స్టేజ్ నోట్లో పెట్టుకుని నెమ్మదిగా లోపలికి పీల్చాలి. కాసేపు కొంచెం గాలి వచ్చి ఆగిపోవాలి, నాలుక మౌత్‌పీస్‌కి అతుక్కున్నట్టు లాగాలి. సన్నగా వస్తూనే ఉంటే సెకండ్ స్టేజ్ డయాఫ్రంలోనో, బయటికి ఊదే వాల్వ్‌లోనో, డబ్బా పగులులోనో కారుతున్నట్టు. నీళ్లలో అయితే అక్కడినుంచే తడి గాలి వస్తుంది. రెండో సెట్టు ఇక్కడ ఆగిపోయింది. ఊదే వాల్వ్ అంచు కింద ఒక ఇసుక రేణువు. కడిగాక సరిపోయింది.

తర్వాత సిలిండర్‌కి. వాల్వ్ నెమ్మదిగా తెరవాలి, గేజ్ ముఖం మనిషి వైపు లేకుండా పక్కకి తిప్పి. ఇన్‌ఫ్లేటర్ హోసు కొసకి ఇంటర్మీడియట్ ప్రెషర్ (ఫస్ట్ స్టేజ్ నుంచి హోసుల్లోకి వచ్చే ఒత్తిడి) గేజ్ తగిలించి చూస్తే ఒకటి 9.6 బార్ దగ్గర, రెండోది 9.4 దగ్గర నిలబడ్డాయి. చూడాల్సింది అంకె కన్నా ఎక్కువగా ముల్లు కదలికని. పర్జ్ కొట్టి వదిలాక ముల్లు గబుక్కున లేచి ఆగాలి. ఐదు నిమిషాల్లో 0.3 బార్ కన్నా ఎక్కువ పాకితే హెచ్‌పీ సీటు (ఫస్ట్ స్టేజ్ లోపల గాలిని ఆపే భాగం) అరిగినట్టు, ఆ సెట్టు సర్వీసుకి వెళ్లాలి. మన పని హోసుల వరకే. ఫస్ట్ స్టేజ్ లోపలికి చేయి పెట్టేది శిక్షణ పొందిన టెక్నీషియన్.

సీటు పాకి ఒత్తిడి పెరిగితే మామూలు సెకండ్ స్టేజ్ దానంతటది తెరుచుకుని అదనపు గాలిని వదిలేస్తుంది. హోసుకి రక్షణ అదే. ఫ్రీ ఫ్లో (గాలి ఆగకుండా దానంతటది పోవడం) ఆపడానికి కొందరు సెకండ్ స్టేజ్ ముందు చిన్న షటాఫ్ వాల్వ్ పెడతారు. అది మూసి ఉన్నప్పుడు ఆ దారి పోతుంది. ఉన్న సెకండ్ స్టేజ్‌లన్నిటికీ అలా మూత పడితే, ఫస్ట్ స్టేజ్‌కి విడిగా ఓవర్‌ప్రెషర్ వాల్వ్ ఉండి తీరాలి. మేం ఏదీ పెట్టలేదు.

మొత్తం సెట్టును నీళ్ల తొట్టిలో ముంచి ఐదు నిమిషాలు చూశాం. ముంచగానే వచ్చే బుడగలు లెక్కలోకి రావు, అవి సందుల్లో చిక్కుకున్న గాలి. రెండో నిమిషంలో కూడా ఒకే చోటు నుంచి వరసగా వస్తేనే కారుతున్నట్టు. ఒక్క 012 మార్చాల్సి వచ్చింది. విప్పి చూస్తే దానికి చంద్రవంకలా ఒక కోత, బిగించేటప్పుడు మర అంచు కొరికింది.

6వ రోజు: మెడ బంజీ, స్నాప్‌లు

బంజీని 60 సెం.మీ. కోసి, మౌత్‌పీస్ జిప్ టై కింద నుంచి తిప్పి, రెండు కొసలూ గట్టి ముడి వేశాం. పొడవు సరిపోయిందో లేదో పరీక్ష ఒక్కటే: చేతులు వెనక్కి పెట్టుకుని గడ్డం వంచి నోటితోనే అందుకోగలగాలి. అందకపోతే ముడి లోపలికి జరపాలి. గొంతుకి ఆనితే కాస్త వదలాలి. మొదటి కొలతకి 4 సెం.మీ. తగ్గించాల్సి వచ్చింది. వెట్‌సూట్ వేసుకుని చేయాల్సిన పరీక్ష ఇది, టీ షర్టు మీద చేసిన కొలత నీళ్లలో నిలబడలేదు.

ఈ సెకండ్ స్టేజ్‌కి వెంచురీ మీట మైనస్ వైపు, పీల్చే బిగువు మర రెండు చుట్లు లోపలికి. లేకపోతే పడవ మీంచి దూకగానే గలగలా పోతుంది.

బోల్ట్ స్నాప్‌ను హోసుకి కేవ్ లైన్‌తోనే కట్టాలి, లోహపు రింగుతో కాదు. ఇరుక్కుపోతే కోయడానికి కత్తి చాలాలి. లాంగ్ హోస్ స్నాప్ సెకండ్ స్టేజ్‌కి బెత్తెడు వెనక. పీల్చనప్పుడు దాన్ని కుడి ఛాతీ డి-రింగుకు తగిలించాలి.

8వ రోజు: ఈత కొలను, 3 మీటర్ల లోతు

ఇవ్వడం సాధన చేశాం. కుడి చేత్తో సెకండ్ స్టేజ్ పక్కగా పట్టుకుని, పర్జ్ బటన్ వదిలిపెట్టి, తల కొంచెం వంచి ముందుకి చాచాలి. తల వంచడం మరిస్తే హోసు మెడ వెనక చిక్కి, అవతలి మనిషి నోటిదాకా వెళ్లదు. ఎడమ చేత్తో మెడ మీదిది నోట్లో పెట్టుకోవాలి. 210 అయితే తర్వాత నడుము దగ్గర దోపిన భాగం లాగి విడిపించాలి.

పది సార్లు చేస్తే రెండు సార్లు ఆగింది. రెండూ ఒకే కారణం: ఇన్‌ఫ్లేటర్ గొట్టం లాంగ్ హోస్ మీద పడి ఉంది. వేసుకునేటప్పుడు వరస తప్పింది. లాంగ్ హోస్ అన్నిటికన్నా ఆఖర్న, అన్నిటికన్నా పైన ఉండాలి. టార్చి తాడు కూడా దాని కిందే. ఇకమీదట ప్రతి డైవుకీ దూకే ముందు హోసు మొత్తం చాచి చూసి మళ్లీ చుట్టుకోవడం చెక్‌లిస్టులో చేర్చాం.

150 మీద ఒక ఫిర్యాదు: ఇచ్చాక పక్కపక్కన ఈదడానికి చాలు గానీ, ఒకరి వెనక ఒకరు వెళ్లడానికి చాలదు. శిథిల నౌక లోపలికి వెళ్లే ఆలోచన ఉంటే ఆ సెట్టు కూడా 210కి మార్చాలి. బయటి సముద్రం వరకు పర్లేదు.

13వ రోజు: ఋషికొండ నుంచి పడవ మీద, 14 మీటర్లు

దృశ్యత మూడు మీటర్లు ఉంటుందేమో. అద్దె సిలిండర్లకు యోక్ వాల్వులు (ఫస్ట్ స్టేజ్‌ని బిగింపు చట్రంతో పట్టించేవి), మన ఫస్ట్ స్టేజ్‌లు డిన్ (వాల్వ్‌లోకి మరతో బిగేవి). యోక్ అడాప్టర్ పెడితే ఫస్ట్ స్టేజ్ ముందుకి జరిగి తల వెనక తగిలింది. సిలిండర్‌ని రెండు వేళ్లంత కిందికి దించాక 150 దారి కూడా కాస్త పొడవైంది, తల ఎడమకి తిప్పితే లాగినట్టుంది. కొలనులో ఇది కనబడలేదు, అక్కడి సిలిండర్లకు డిన్ వాల్వులు. అడాప్టర్‌తో కూడా తాడు కొలత తీసి ఉండాల్సింది.

పడవలో మిగతా డైవర్లందరికీ ముందే చెప్పాం: గాలి కావాలంటే నోట్లోది తీసుకోండి, మెడకున్నది ముట్టుకోవద్దు. చెప్పకుండా ఈ అమరికతో దిగకూడదు.

తిరిగొచ్చాక డస్ట్ క్యాప్ తుడిచి బిగించి, మంచినీళ్లలో గంట నానబెట్టి, నీడలో పెద్ద చుట్టలుగా వేలాడదీశాం. ఫస్ట్ స్టేజ్ పట్టుకుని వేలాడదీస్తే హోసుల బరువంతా కొసల మీద పడుతుంది, అందుకని చుట్టల్ని మధ్యలో పట్టుకునేలా లావాటి పీవీసీ పైపు మీద వేశాం.

మిగిలిన పని: 168 సెం.మీ. మనిషి సెట్టుకి అడాప్టర్‌తో మళ్లీ తాడు కొలత, 150 దాటితే 210కి మార్పు. రెండో సెట్టు 9.4 బార్ అంకెను పది డైవుల తర్వాత మళ్లీ చూడాలి. ప్రతి హోసు కొసకీ బిగించిన నెల, సంవత్సరం రాసిన టేపు అంటించాలి.